తిరుమల లిమ్నియేస్

తిరుమల లిమ్నియేస్ అనేది దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాలలో విస్తరించి ఉన్న ఒక సీతాకోకచిలుక జాతి. నల్లని రెక్కలపై లేత నీలిరంగు చారలు, మచ్చలు ఉండుట వలన దీనిని ఆంగ్లంలో బ్లూ టైగర్ అని పిలుస్తారు. ఈ అర్థాన్ని బట్టి తెలుగులో నీలి పులి సీతాకోకచిలుక అనవచ్చును. ఇది నింఫాలిడే కుటుంబంలోని డనైనే ఉపకుటుంబానికి చెందినది. ఈ జాతి చేరిన ప్రజాతి పేరు 'తిరుమల'. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతికి ఆనుకొని ఉన్న తిరుమల కొండల పేరు మీదుగా ఈ ప్రజాతికి ఆ పేరు వచ్చినట్లు చెబుతారు. ఒక తెలుగు ప్రాంతపు కొండ పేరు ఆఫ్రికా మొదలుకొని ఆస్ట్రేలియా వరకు నివసించే కీటకాల శాస్త్రీయ నామంలో నిలిచిపోవడం విశేషం.

శేషాచలం కొండలలోను, చిత్తూరు పరిసరాలలోని ఆకురాల్చు అడవులలోను, పొలాల గట్లపైన, రోడ్ల పక్క పొదలలోను ఉండే పూల మీద వాలే సీతాకోకచిలుకలలో ఇది ఒకటి. ఋతుపవనాలను అనుసరించి పెద్ద గుంపులుగా వలస వెళ్ళడం దీని ముఖ్య లక్షణం.

శాస్త్రీయ వర్గీకరణ

రాజ్యం: జంతువులు
విభాగం: ఆర్థ్రోపొడా
తరగతి: కీటకాలు
క్రమం: లెపిడోప్టెరా
కుటుంబం: నింఫాలిడే
ఉపకుటుంబం: డనైనే
ప్రజాతి: తిరుమల (మూర్, 1880)
జాతి: తిరుమల లిమ్నియేస్ (క్రామర్, 1775)

పేరు వెనుక చరిత్ర

ఈ సీతాకోకచిలుకను మొట్టమొదట 1775లో డచ్చి దేశీయుడైన పీటర్ క్రామర్ వర్ణించాడు. అతను వర్ణించిన నమూనా చైనా నుండి వచ్చినది. ఆ కాలంలో సీతాకోకచిలుకలన్నిటినీ 'పాపిలియో' అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. కాబట్టి దీని మొదటి పేరు పాపిలియో లిమ్నియేస్.

తరువాత ఒక శతాబ్దానికి ఆంగ్లేయ కీటక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మూర్ (1830-1907) శ్రీలంక సీతాకోకచిలుకలు, చిమ్మటల గురించి ఒక బృహద్గ్రంథం రచించాడు. ఇది 1880 నుండి 1887 వరకు మూడు సంపుటాలుగా వెలువడినది. మూర్ లండనులో ఈస్టిండియా కంపెనీ వస్తు ప్రదర్శనశాలలో పనిచేసినవాడు. భారతదేశం నుండి అక్కడికి చేరిన కీటకాల నమూనాలను పరిశీలించి అనేక కొత్త ప్రజాతులను ఏర్పరచాడు. 1880లో ఈ గ్రంథంలోనే నీలి చారల సీతాకోకచిలుకలను ఒక ప్రత్యేక ప్రజాతిగా విడదీసి దానికి 'తిరుమల' అని పేరు పెట్టాడు. పాపిలియో లిమ్నియేస్ ఈ ప్రజాతికి మూల జాతి అయినది.

అయితే ఈ విభజనను అందరూ వెంటనే అంగీకరించలేదు. 1905లో 'బ్రిటిష్ ఇండియా జంతుజాలం' గ్రంథమాలలో బింగ్‌హామ్ దీనిని డనైస్ ప్రజాతిలోనే ఉంచాడు. 1947లో అదే గ్రంథమాలలో టాల్బట్ కూడా డనాస్ ప్రజాతిలోనే చేర్చాడు. 1984లో అకెరీ, వేన్-రైట్ అనే శాస్త్రవేత్తలు డనైనే ఉపకుటుంబం మొత్తాన్ని పునఃపరిశీలించి ప్రచురించిన గ్రంథంలో తిరుమలను స్వతంత్ర ప్రజాతిగా గుర్తించారు. నేడు అదే వర్గీకరణ అమలులో ఉన్నది. పాత పుస్తకాలలో డనైస్ లిమ్నియేస్, డనాస్ లిమ్నియేస్ అని కనిపించినా అవి ఈ జాతినే సూచిస్తాయి.

శారీరక లక్షణాలు

ఇది ఒక మోస్తరు పెద్దదైన సీతాకోకచిలుక. రెక్కలు చాచినప్పుడు ఒక కొన నుండి మరొక కొనకు 90 నుండి 100 మిల్లీమీటర్లు ఉంటుంది.

రెక్కల పైభాగం నలుపు. దానిపై నీలిఛాయ గల తెల్లని మచ్చలు, చారలు ఉంటాయి. ఇవి సగం పారదర్శకంగా ఉండి వెలుతురులో మెరుస్తాయి. రెక్కల మొదట్లో పొడవైన చారలుగా ఉండి, అంచుల వైపు వచ్చేకొద్దీ చిన్న చిన్న చుక్కలుగా మారుతాయి. రెక్కల అడుగుభాగంలో నలుపు తగ్గి గోధుమవర్ణం కనిపిస్తుంది. తల, ఉరము నల్లగా ఉండి వాటిపై తెల్లని చుక్కలు ఉంటాయి.

నింఫాలిడే కుటుంబంలోని ఇతర సీతాకోకచిలుకలవలె దీనికి కూడా ముందుకాళ్ళ జత బాగా కురచబడి ఉంటుంది. అందువలన పువ్వుపై వాలినప్పుడు ఆరు కాళ్ళకు బదులుగా నాలుగే కనిపిస్తాయి.

మగ, ఆడ సీతాకోకచిలుకలు చూడటానికి ఒకే విధంగా ఉంటాయి. మగదాని వెనుక రెక్క అడుగుభాగంలో ఒక చిన్న సంచి వంటి నిర్మాణం ఉంటుంది. ఇది సువాసన పదార్థాలకు సంబంధించిన అవయవం. ఆడదానికి ఈ సంచి ఉండదు. మగదాని ఉదరం చివర బయటికి తెరవగల రోమాల కుచ్చులు కూడా ఉంటాయి.

ఉపజాతులు

ఒకే జాతికి చెందిన జీవులు వేర్వేరు భౌగోళిక ప్రాంతాలలో చాలాకాలం విడిగా జీవించినప్పుడు వాటి రంగు, పరిమాణం, మచ్చల అమరికలలో స్థిరమైన తేడాలు ఏర్పడతాయి. ఇటువంటి ప్రాంతీయ భేదాలను ఉపజాతులు అంటారు. రెండు ఉపజాతులు కలిసినచోట వాటి మధ్య సంతానోత్పత్తి జరుగుతుంది కాబట్టి వాటిని వేర్వేరు జాతులుగా లెక్కించరు.

తిరుమల లిమ్నియేస్‌కు చెందిన ముఖ్యమైన ఉపజాతులు ఇవి:

* లిమ్నియేస్ - దక్షిణ చైనా, తైవాన్, ఇండోచైనా ప్రాంతాలు. క్రామర్ వర్ణించినది ఇదే.
* ఎగ్జోటికస్ - భారతదేశం, శ్రీలంక. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో కనిపించేది ఈ ఉపజాతి.
* కంజంక్టా - జావా, బాలి ద్వీపాలు.
* మకస్సారా - దక్షిణ సులవేసి.
* వానీకెని - తైమూర్ ద్వీపం.
* ఒరెస్టిల్లా - ఫిలిప్పీన్స్.

భారతీయ ఉపజాతిని చాలాకాలం లియోపార్డస్ అనే పేరుతో వ్యవహరించారు. ఆ పేరును 1866లో బట్లర్ పెట్టాడు. అయితే 1790లోనే గ్మెలిన్ దీనికి ఎగ్జోటికస్ అని పేరు పెట్టి ఉన్నాడు. జంతువుల నామకరణంలో ముందుగా పెట్టిన పేరుకే ప్రాధాన్యత లభిస్తుంది. ఈ నియమం వలన ప్రస్తుతం ఎగ్జోటికస్ అనే పేరును వాడుతున్నారు. 20వ శతాబ్దపు భారతీయ గ్రంథాలలో లియోపార్డస్ అనే పేరు కనిపిస్తుంది కాబట్టి విద్యార్థులు ఈ రెండూ ఒకటేనని గమనించాలి.

పై పట్టికలో ఒక విషయం గమనింపదగినది. ఆగ్నేయాసియా ద్వీపాలలో దాదాపు ఒక్కొక్క ద్వీప సముదాయానికి ఒక్కొక్క ఉపజాతి ఉండగా, విశాలమైన భారతదేశానికంతటికీ ఒకే ఉపజాతి ఉన్నది. సముద్రం అడ్డుగా ఉన్నచోట జీవుల రాకపోకలు తగ్గి, ప్రతి ద్వీపంలోను తేడాలు స్థిరపడతాయి. భూభాగంపై అడ్డంకులు తక్కువ. పైగా ఇది దూర ప్రయాణం చేసే సీతాకోకచిలుక. పడమటి కనుమలలో పుట్టినవి తూర్పు మైదానాలకు, తూర్పున పుట్టినవి పడమటికి వెళ్ళి సంతానం పొందుతూ ఉంటే ప్రాంతీయ భేదాలు నిలబడే అవకాశం తక్కువ.

సమీప జాతులు

తిరుమల ప్రజాతిలో సుమారు పది జాతులు ఉన్నాయి. వీటిలో మూడు భారతదేశంలో నివసిస్తాయి. అవి తిరుమల లిమ్నియేస్, తిరుమల సెప్టెంట్రియోనిస్, తిరుమల గౌతమ. గౌతమ మన దేశంలో అండమాన్ నికోబార్ దీవులకు పరిమితం. ఆఫ్రికాలో తిరుమల పెటివెరానా, తిరుమల ఫార్మోసా అనే జాతులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఉండే జాతి తిరుమల హమాటా. క్వీన్స్‌లాండ్ తీరానికి సమీపంలోని మాగ్నెటిక్ ద్వీపంలో ఇవి పొడి కాలంలో వేల సంఖ్యలో ఒకచోట చేరి విశ్రమిస్తాయి.

దక్షిణ భారతంలో తిరుమల లిమ్నియేస్‌తో పొరపడే అవకాశం ఉన్నది తిరుమల సెప్టెంట్రియోనిస్. దీనిని ఆంగ్లంలో డార్క్ బ్లూ టైగర్ అంటారు. దీని నలుపు మరింత చిక్కగాను, నీలి చారలు సన్నగాను ఉంటాయి. లిమ్నియేస్‌లో చారలు వెడల్పుగా, లేతగా ఉంటాయి. ఈ రెండవ జాతిలో కూడా ప్రాంతీయ భేదాలు ఉన్నాయి. దక్షిణ భారత ఉపజాతికి 1899లో జర్మనీ దేశీయుడైన ఫ్రూస్టార్ఫర్ 'ద్రవిడారం' అని పేరు పెట్టాడు. దీనికి ద్రావిడులకు చెందినది అని అర్థం. శ్రీలంకలో ఉండే ఉపజాతి పేరు మ్యూసికానోస్.

వ్యాప్తి, ఆవాసం

తిరుమల లిమ్నియేస్ భారతదేశంలో ఎడారులు, ఎత్తైన హిమాలయ శిఖరాలు మినహా దాదాపు అన్ని ప్రాంతాలలోను కనిపిస్తుంది. దట్టమైన అడవులకంటే వెలుతురు పడే ఆకురాల్చు అడవులు, పొదలు, వాగుల ఒడ్లు, తోటలు దీనికి ఇష్టమైన చోట్లు.

దక్షిణ రాయలసీమలో ఇటువంటి ఆవాసాలు విస్తారంగా ఉన్నాయి. తూర్పు కనుమలలో భాగమైన శేషాచలం కొండలు ఆకురాల్చు అడవులతో నిండి ఉన్నాయి. ఎర్రచందనం ఈ అడవులకు ప్రత్యేకమైన వృక్షం. తలకోన, గుండాలకోన వంటి లోయలలో నీటి తేమ వలన చెట్లు మరింత దట్టంగా పెరుగుతాయి. 1989లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడినది. దీని వైశాల్యం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010 సెప్టెంబరు 20న శేషాచలం కొండలను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఇది ఆంధ్రప్రదేశ్‌లో మొదటి జీవావరణ రక్షిత ప్రాంతం. అప్పట్లో ఇది చిత్తూరు, కడప జిల్లాలలో విస్తరించి ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి ప్రత్యేక జిల్లా అయినది. చిత్తూరు జిల్లా పశ్చిమాన పలమనేరు, కుప్పం ప్రాంతాలలో ఉన్న కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం కూడా ఆకురాల్చు అడవే.

ఈ ప్రాంతపు వర్షపాతానికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడ నైఋతి ఋతుపవనాల కాలంలో కొంత వర్షం కురిసినా, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన కూడా గణనీయంగా కురుస్తుంది. ఈ రెండు వానల వలన తీగలు ఏడాదిలో రెండు పర్యాయాలు చిగురిస్తాయి. లేత ఆకులపై ఆధారపడే గొంగళిపురుగులకు ఇది అనుకూలం.

జీవిత చక్రం

గుడ్డు: ఆడ సీతాకోకచిలుక ఆకు అడుగుభాగాన ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. గుడ్డు తెల్లగా, చిన్నదిగా ఉంటుంది.

గొంగళిపురుగు: పసుపు కలిసిన తెల్లని శరీరంపై అడ్డంగా నల్లని చారలు ఉంటాయి. శరీరం ముందుభాగంలో ఒక జత, వెనుకభాగంలో ఒక జత మెత్తని నల్లని కొమ్ముల వంటి తంతువులు ఉంటాయి. జిల్లేడు ఆకులపై తరచుగా కనిపించే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగుకు మూడు జతల తంతువులు ఉంటాయి. ఈ సంఖ్యను బట్టి రెండింటిని సులభంగా గుర్తుపట్టవచ్చును.

ప్యూపా: ఆకు కింద తలకిందులుగా వేలాడుతుంది. ఆకుపచ్చని రంగుపై బంగారు వన్నె చుక్కలు ఉంటాయి.

అనుకూల వాతావరణంలో గుడ్డు నుండి ప్రౌఢ కీటకం వరకు సాధారణంగా మూడు నుండి నాలుగు వారాలు పడుతుంది.

ఆహార మొక్కలు

గొంగళిపురుగులకు ముఖ్యమైన ఆహారం జిల్లేడు వర్గానికి చెందిన, పాలు కారే అడవి తీగలు. వీటిలో ప్రధానమైనది వట్టకాక వాల్యుబిలిస్. దీనినే డ్రేజియా వాల్యుబిలిస్ అని కూడా అంటారు. ఇది ఆకుపచ్చని పూల గుత్తులు పూసే పెద్ద తీగ. కంచెలపైన, చెట్లపైన అల్లుకొని పెరుగుతుంది. వట్టకాక అనే పేరు 17వ శతాబ్దంలో వెలువడిన 'హోర్టస్ మలబారికస్' గ్రంథంలోని మలయాళ నామం నుండి వచ్చినది. ఈ విధంగా సీతాకోకచిలుక పేరు, అది తినే తీగ పేరు రెండూ దక్షిణ భారత భాషల నుండి శాస్త్రంలోకి చేరాయి. ఆయుర్వేదంలో వాడే మేకమేయని ఆకు తీగ కూడా తిరుమల ప్రజాతి గొంగళిపురుగులకు ఆహారం.

ప్రౌఢ కీటకాలు గడ్డి చామంతి వంటి పూల మకరందం తాగుతాయి. అయితే మగవి మకరందంతో తృప్తి చెందవు. గిలిగిచ్చ, జనుము, నాగదంతి మొక్కల ఎండిన లేదా విరిగిన భాగాలపై గుంపులుగా వాలి, కాళ్ళతో గీకి, తుండంతో ఆ రసాన్ని పీలుస్తాయి. ఈ మొక్కలలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే చేదు విష పదార్థాలు ఉంటాయి. మగ సీతాకోకచిలుకలు వీటి నుండి ఆడవాటిని ఆకర్షించే సువాసన పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. డనైనే ఉపకుటుంబంలోని పలు జాతులలో మగవి సంపర్క సమయంలో ఈ రసాయనాలను ఆడవాటికి అందజేస్తాయి, వాటి ద్వారా గుడ్లకు కూడా రక్షణ కలుగుతుంది.

ఆత్మరక్షణ, అనుకరణ

శరీరంలో చేరిన విష పదార్థాల వలన ఈ సీతాకోకచిలుక పక్షులకు రుచించదు. ఒకసారి దీనిని తిని చేదు రుచి చూసిన పక్షి మరొకసారి ఆ నలుపు, నీలి గుర్తులను చూసి వదిలివేస్తుంది. అందువలన ఇది భయం లేనట్లుగా నిదానంగా ఎగురుతుంది. దీని శరీరం తోలువలె గట్టిగా ఉండుట వలన పక్షి ఒకసారి పొడిచినా బ్రతికి బయటపడగలదు.

ఈ రక్షణను విషం లేని కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఉపయోగించుకుంటాయి. కామన్ మైమ్ అనే సీతాకోకచిలుకలో ఒక రూపం, కామన్ వాండరర్‌లో ఆడది నీలి పులి సీతాకోకచిలుకను పోలి ఉంటాయి. విషం లేని జీవి విషం గల జీవి రూపాన్ని పొందడాన్ని బేట్సియన్ అనుకరణ అంటారు. దీనిని వివరించిన హెన్రీ వాల్టర్ బేట్స్ పేరు మీదుగా ఈ పేరు వచ్చినది.

వలస

దక్షిణ భారతదేశంలో సీతాకోకచిలుకల వలస ప్రకృతి పరిశీలకులకు శతాబ్దానికి పైగా తెలిసిన విషయం. ఇందులో ముఖ్యంగా నాలుగు జాతులు పాల్గొంటాయి. అవి తిరుమల లిమ్నియేస్, తిరుమల సెప్టెంట్రియోనిస్, యూప్లియా కోర్, యూప్లియా సిల్వెస్టర్. చివరి రెండింటిని ఆంగ్లంలో క్రో సీతాకోకచిలుకలు అంటారు.

జూన్ మొదట్లో నైఋతి ఋతుపవనాలు కేరళను తాకుతాయి. పడమటి కనుమలలో కురిసే కుంభవృష్టి ఈ కీటకాలు తట్టుకోగలిగినది కాదు. అందువలన ఏప్రిల్ నుండి జూన్ వరకు ఇవి గుంపులుగా కనుమలు వదిలి తూర్పు మైదానాల వైపు ప్రయాణిస్తాయి. అక్కడ వర్షం తక్కువగా, మొక్కల చిగుళ్ళు సమృద్ధిగా ఉంటాయి. తూర్పున సంతానం పొందిన తరువాత, కొత్త తరం వర్షాకాలం ముగిసే దశలో తిరిగి పడమటి కనుమలకు చేరుతుంది. ఒక్కొక్క సీతాకోకచిలుక రానుపోను ప్రయాణం చేయదు. వెళ్ళేది ఒక తరం, తిరిగి వచ్చేది మరొక తరం.

ఈ వలసలలో పాల్గొనే జాతుల గురించి, వాటిలో ఆడ మగ నిష్పత్తి గురించి కృష్ణమేఘ్ కుంటే 2005లో ఒక అధ్యయనం ప్రచురించాడు. 2018లో వైశాలి భౌమిక్, కుంటే కలిసి ప్రచురించిన పరిశోధనలో వలస పోతున్న ఆడ సీతాకోకచిలుకలలో గుడ్లు పక్వ దశకు రాలేదని తేలినది. ప్రయాణ కాలంలో సంతానోత్పత్తిని వాయిదా వేసి, అనుకూలమైన చోటికి చేరిన తరువాత గుడ్లు పెట్టడం వీటి పద్ధతి.

రాయలసీమ దక్షిణ భాగం పడమటి కనుమలకు, తూర్పు తీరానికి మధ్య ఉన్నది. అందువలన ఇక్కడి అడవులను స్థానికంగా పుట్టే కీటకాలకు నివాసంగా మాత్రమే కాక, దూర ప్రయాణం చేసే వాటికి మజిలీగా కూడా చూడవలసి ఉంటుంది.

ముప్పు, పరిరక్షణ

తిరుమల లిమ్నియేస్ భారతదేశంలో సాధారణంగా కనిపించే జాతి. ఇది అంతరించిపోయే స్థితిలో లేదు. అయినా దీని ఉనికి కొన్ని సాధారణ మొక్కలపై ఆధారపడి ఉండుట వలన ఆ మొక్కలకు కలిగే నష్టం నేరుగా దీనికి తగులుతుంది.

అడవి మంటలు వీటిలో మొదటిది. శేషాచలం అడవులు వేసవిలో ఎండి ఉంటాయి. 2014 మార్చిలో తిరుమల పరిసరాలలో చెలరేగిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లను వినియోగించవలసి వచ్చినది. మంటల నుండి ఎగిరే సీతాకోకచిలుక తప్పించుకోగలదు. కాని తీగపై ఉన్న గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా తప్పించుకోలేవు. తీగ కాలిపోతే అది మళ్ళీ చిగురించే వరకు ఆ ప్రదేశంలో గుడ్లు పెట్టడానికి చోటు ఉండదు.

రెండవది పొలాల గట్లు, కంచెలు శుభ్రం చేయడం. వట్టకాక తీగ, గిలిగిచ్చ, నాగదంతి వంటివి పంటకు పనికిరాని కలుపు మొక్కలుగా భావించబడతాయి. కలుపు మందులతో వాటిని పూర్తిగా తొలగించినచోట గొంగళిపురుగుకు ఆహారం, మగ కీటకానికి అవసరమైన రసాయనాలు రెండూ లభించవు. పురుగు మందులు నేరుగా కూడా హాని చేస్తాయి. మూడవది వాహనాలు. నిదానంగా, తక్కువ ఎత్తులో ఎగిరే ఈ కీటకాలు వలస కాలంలో రహదారులను దాటుతూ వాహనాలకు తగిలి చనిపోతాయి.

జాతీయ ఉద్యానవనం, జీవావరణ రక్షిత ప్రాంతం ఈ జాతి ఆవాసంలో ఒక భాగాన్ని కాపాడుతున్నాయి. అయితే వలస జీవికి ఒక చివర ఉన్న అడవి మాత్రమే చాలదు. పడమటి కనుమలకు, తూర్పు కనుమలకు మధ్య ఉన్న పల్లెలలో, చెరువు కట్టల మీద, బడి ఆవరణలలో తీగలు, పూల మొక్కలు మిగిలి ఉంటేనే ఆ ప్రయాణం పూర్తవుతుంది. కంచెపై అల్లుకున్న ఒక వట్టకాక తీగను తొలగించకుండా ఉంచడం, తోట మూలలో కొన్ని గిలిగిచ్చ మొక్కలను పెరగనివ్వడం ఖర్చు లేని పరిరక్షణ చర్యలు.

గుర్తించే విధానం

విద్యార్థులు క్షేత్ర పరిశీలనలో ఈ క్రింది విషయాలను గమనించవచ్చును.

* నల్లని రెక్కలపై వెడల్పైన లేత నీలి చారలు ఉంటే తిరుమల లిమ్నియేస్. సన్నని చారలు, చిక్కని నలుపు ఉంటే తిరుమల సెప్టెంట్రియోనిస్.
* వెనుక రెక్క అడుగున చిన్న సంచి ఉంటే మగది.
* గొంగళిపురుగుకు రెండు జతల తంతువులు ఉంటాయి.
* ఎండిన గిలిగిచ్చ లేదా నాగదంతి మొక్కపై గుంపుగా వాలినవి ఎక్కువగా మగవే.
* ఏప్రిల్ నుండి జూన్ వరకు, తిరిగి అక్టోబరు, నవంబరు నెలలలో ఒకే దిశలో ఎగిరే గుంపులు కనిపిస్తే తేదీ, సమయం, దిశ వ్రాసి ఉంచుకోవడం వలస అధ్యయనానికి ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* సీతాకోకచిలుక
* శేషాచలం కొండలు
* శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం
* తలకోన
* తూర్పు కనుమలు
* ఋతుపవనాలు